శాఖ లేని బటన్

1888లో జార్జ్ ఈస్ట్‌మన్ అనే అమెరికా ఆసామి కొడాక్ అనే పెట్టెను బజారులోకి దించుతూ జనానికి ఒక మాట ఇచ్చాడు. బటన్ నొక్కడం మీ వంతు, తక్కిందంతా మా వంతు అన్నాడు. పెట్టె ఖరీదు 25 డాలర్లు. లోపల 100 ఫొటోలకు సరిపడా ఫిల్మ్ చుట్టి ఉండేది. అది అయిపోగానే పెట్టెను ఉన్నపళంగా రోచెస్టర్‌లోని కంపెనీకి పంపిస్తే, ఫొటోలు కడిగి, కొత్త ఫిల్మ్ ఎక్కించి తిప్పి పంపేవాళ్లు. దారం లాగడం, తాళం తిప్పడం, బటన్ నొక్కడం. మూడే మూడు పనులు. ఆ బటన్ ఏం చేస్తుందని ఆ రోజుల్లో ఎవరూ అడిగిన పాపాన పోలేదు. కెమెరాకు బటన్ అన్నాక ఫొటో తీస్తుంది, ఇంకేం చేస్తుంది?

ఈ రోజు ఒక మంచి కాంపాక్ట్ కెమెరా కొని అట్టపెట్టె విప్పండి. ఈస్ట్‌మన్ మాట తలకిందులై కనిపిస్తుంది. బటన్లు పెట్టడం మా వంతు, అవి ఏం చెయ్యాలో తేల్చుకోవడం మీ వంతు. దీనికి కస్టమైజేషన్ అని ముద్దుపేరు. దోసె తిందామని హోటల్‌కు వెళితే రుబ్బురోలు చూపించి 'మీ అభిరుచికి తగ్గట్టు రుబ్బుకోండి సార్' అన్నంత మర్యాద. బిల్లులో తగ్గింపేమీ ఉండదు. పైగా రుబ్బుకునే స్వేచ్ఛ ఎంత ఎక్కువగా ఉంటే అంత ఖరీదు.

ఈ స్వేచ్ఛ ఎలా పుట్టిందో నాకొక ఊహ ఉంది. వెలుతురు తగ్గినప్పుడు పెంచుకునే ఐఎస్‌ఓకు బటన్ ఎక్కడ ఉండాలి? ఒక ఇంజినీరు పైన ఉండాలంటాడు, ఒకామె వెనక ఉండాలంటుంది, మూడో ఆయన అసలు అక్కర్లేదంటాడు. పంచాయితీ తెగదు. సాయంత్రం ఆరవుతుంది. ఇళ్లకు వెళ్లాలి. 'సరే, వాడుకునేవాడి ఇష్టానికి వదిలేద్దాం' అని మినిట్స్‌లో రాసుకుని లేస్తారు. మర్నాడు ప్రకటనల శాఖవాళ్లు ఆ మినిట్స్ చదివి, 'మీ కెమెరా, మీ ఇష్టం' అని పెద్దక్షరాల్లో అచ్చేస్తారు. తయారు చేసినవాడు తేల్చుకోలేనిదంతా కొన్నవాడి హక్కుగా మారిపోతుంది.

హక్కు అన్నాక వినియోగించుకోవాలి కదా. బటన్లకు పనులు పంచడమంటే మంత్రివర్గం కూర్చడమే. అరచేతిలో ఇమిడే కెమెరా ఒంటి మీద ఉండేవి ఐదారు పదవులు. ఆశావహులు అరవై మంది. ఐఎస్‌ఓ సీనియర్ నాయకుడు, ఫిల్మ్ రోజుల నుంచీ పార్టీలో ఉన్నవాడు, హోం శాఖ తప్ప పుచ్చుకోడు. వైట్ బ్యాలెన్స్ సామాజిక సమీకరణాల కోటా. ఫంక్షన్ హాళ్లలో ఓట్లన్నీ ఆయనవే, ఆయన్ను పక్కన పెడితే పెళ్లికూతురికి నలుగు పెట్టి కడిగినా పోని పచ్చదనం అంటుకుంటుంది. మీటరింగ్ మంచివాడని పేరు. ఏం చేస్తాడో నియోజకవర్గంలో ఎవరికీ తెలియదుగానీ, తీసేస్తే పాత కార్యకర్తలు ధర్నాకు దిగుతారు. ఫేస్ డిటెక్షన్ యువనేత. గోడ మీది సినిమా పోస్టరులో మొహం కనిపించినా ఆగి పలకరించి వస్తాడు. వైఫై గారిని హైకమాండే పై నుంచి దించింది. గెలిచిన దాఖలా లేకపోయినా ఆయనకు బంగళా ఖాయం. ఇక ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ ఉన్నాడే, రోజూ ఆఫీసుకు వచ్చి ఫైళ్లు చూసేది ఆయనొక్కడే. కాబట్టి ఆయన పేరు ఎవరికీ చప్పున గుర్తుకురాదు.

శనివారం రాత్రి భోజనాలయ్యాక ప్రమాణ స్వీకారం. ఆదివారం పొద్దున్నే అసమ్మతి. ఐఎస్‌ఓకు ఇచ్చిన బటన్ బొటనవేలికి అందట్లేదు. ఆయన్ను ముందుకు తెస్తే ఫోకస్ మోడ్ అలుగుతాడు. ఫోకస్ మోడ్‌ను బుజ్జగించి కింది బటన్‌కు పంపితే, అక్కడున్న సెల్ఫ్ టైమర్ ముఠాకు కోపం. ఇలా శాఖల మార్పిడి జరిగిన ప్రతిసారీ వేళ్లు నేర్చుకున్న పాఠం మరిచి కొత్తది మొదలుపెడతాయి. నిన్న ఐఎస్‌ఓ తెరుచుకున్న చోట ఇవాళ పది సెకన్ల టైమరు టిక్కుటిక్కుమంటుంటే, కెమెరా పట్టుకున్నాయన దాని వంక చూస్తూ నిలబడతాడు. ఆ పది సెకన్లలోనే జరగాల్సింది జరిగిపోతుంది.

పదవులు దక్కనివాళ్లను ఊరికే వదలకూడదు. వాళ్ల కోసం నామినేటెడ్ పోస్టులు సృష్టించారు. అదే క్విక్ మెనూ. ఫ్యూజీవారి క్యూ మెనూలో 16 గళ్లు. సోనీ ఆర్‌ఎక్స్100 తరువాతి మోడళ్లలో ఎఫ్‌ఎన్ అనే ఫంక్షన్ బటన్ నొక్కితే 12. ఒక్కో గడిలో ఒక్కో కార్పొరేషన్ చైర్మన్ కొలువుదీరి ఉంటాడు. కారుంటుంది, గుమ్మం మీద బోర్డుంటుంది, సందర్శకులు మాత్రం ఉండరు. దాని పేరులో 'క్విక్' ఉంది చూశారూ, అది నన్ను మహా ఇబ్బంది పెడుతుంది. బటన్ నొక్కి, గళ్లు తెరిచి, కావలసిన గడి దాకా జరుపుకుంటూ వెళ్లి, చక్రం తిప్పి, బయటికి రావడం క్విక్ అయితే, అసలు మెనూ వేగమెంతో ఊహించుకోండి. ఆ అసలు మెనూలో అన్వేషణ చేసి అలసిపోయినవాళ్లకు 'మై మెనూ' అనే ఇంకో మెనూ కూడా ఇచ్చారు. మెనూ నుంచి తప్పించుకోవడానికి క్విక్ మెనూ, క్విక్ మెనూలో పట్టనివాటికి మై మెనూ. మై మెనూ ఎక్కడుందో వెతకాలంటే మళ్లీ మొదటి మెనూలోకే వెళ్లాలి.

బటన్లకు పనులు అప్పగించే జాబితా చివర్లో ఒక ఎంపిక ఉంటుంది: 'ఏదీ లేదు'. ఆ ఎంపిక పెట్టిన బటన్ శాఖ లేని మంత్రి. ఎంత నొక్కినా ఏమీ జరగదు. కెమెరా మొత్తమ్మీద చెప్పిన మాట మీద నిలబడేది అదొక్కటే అని నా అభిప్రాయం.

మంత్రివర్గం మనదేగానీ హైకమాండ్ కంపెనీది. ఏ పనైనా ఏ బటన్‌కైనా ఇవ్వవచ్చనుకుంటే అమాయకత్వం. ఒక బటన్‌కు దొరికే జాబితా వేరు, దాని పక్క బటన్‌కు దొరికే జాబితా వేరు. కొన్ని పనులు ఏ జాబితాలోనూ ఉండవు. కారణం అడగడానికి చిరునామా లేదు. ఎంతో ముచ్చటపడి డిజిటల్ జూమ్‌కు ఒక బటన్ కేటాయిస్తారు. తీరా నొక్కితే, ప్రస్తుత సెట్టింగులలో ఈ సౌకర్యం అందుబాటులో లేదని తెర మీద ఒక ముక్క వస్తుంది. ఏ సెట్టింగు వల్ల? చాలా కెమెరాలు చెప్పవు. రా ఫైలు పెట్టుకున్నందుకా, వీడియో మోడ్‌లో ఉన్నందుకా, ఇంకేదైనా ఫిల్టర్ అడ్డం పడిందా? మీరే ఒక్కోటీ ఆపుతూ, మళ్లీ నొక్కుతూ, దొంగను పట్టుకోవాలి. కస్టమైజేషన్‌లో దర్యాప్తు కూడా కొన్నవాడి బాధ్యతే.

ఇంతకీ కంపెనీకి నిజంగా ఏదైనా బటన్ కావాలనిపించినప్పుడు మన ఇష్టాన్ని అడుగుతుందా? చచ్చినా అడగదు. చరిత్ర చూద్దాం.

2000ల నడిమి కాలంలో కానన్ పవర్‌షాట్లకు వెనక ఒక బటన్ ఉండేది. ప్రింట్/షేర్ అని పేరు. కెమెరాకు ప్రింటరు తగిలిస్తే ఆ బటన్ నీలంగా వెలిగేది. అంటే ఏమిటన్నమాట? ప్రింటర్లు కూడా అమ్మే కంపెనీ, మీ చేతిలోని కెమెరా మీద, మీ బొటనవేలు తిరిగే ఖరీదైన స్థలంలో, తన ప్రింటరు దుకాణానికి ఒక శాఖ తెరిచింది. అద్దె మీరు కట్టారు. ఆ కెమెరా జేబులో పెట్టుకుని అరకు వెళ్లండి, అన్నవరం వెళ్లండి, ఎక్కడికెళ్లినా ఆ బటన్ మీతోనే వస్తుంది, ప్రింటరు ఎప్పుడు తగుల్తుందా అని చీకట్లో ఎదురుచూస్తూ. ఐఎస్‌ఓకు సొంత బటన్ లేని మోడల్లో కూడా ఇది ఉండేది! కొంతకాలానికి జనం దాని ముఖం కూడా చూడట్లేదని తెలిసొచ్చి, ఆ బటన్‌కు మీకు నచ్చిన పని ఒకటి అప్పగించుకోవచ్చు అని అనుమతి ఇచ్చారు. చాలా కస్టమ్ బటన్ల జన్మరహస్యం ఇంతే. పెట్టినవాడి పని అయిపోయిన తరవాత మిగిలిన కుర్చీని మనకు స్వేచ్ఛగా ప్రదానం చేస్తారు.

ఆ రోజుల్లో కెమెరాల్లోకి చొరబడ్డ చుట్టాలు ఇంకా ఉన్నారు. 2007లో సోనీవారు నవ్వితే దానంతటదే ఫొటో తీసే స్మైల్ షటర్ తెచ్చారు. అదే ఏడాది కేసియోవారు యూట్యూబ్ కోసమే ఒక వీడియో మోడ్ పెట్టారు. 2009లో నికాన్ ఒక కూల్‌పిక్స్‌లో ఏకంగా ప్రొజెక్టర్ బిగించింది. వీళ్లందరికీ మెనూలో గదులు కావాలి, కొందరికి ఒంటి మీద బటన్ కావాలి. ఫొటో తీసే పని ఎక్కడో వెనక వసారాలో సర్దుకుంది.

కొత్తతరం కంపెనీలు మెరుగని అనుకోకండి. 2019లో ఫ్యూజీ ఎక్స్-టీ30 అనే చిన్న కెమెరా వచ్చింది. లెన్సు మార్చుకునే రకమేగానీ జబ్బు ఇదే. క్విక్ మెనూ తెరిచే క్యూ బటన్‌ను తీసుకెళ్లి సరిగ్గా బొటనవేలు ఆనించే గట్టు మీద పెట్టారు. కెమెరాను పట్టుకుంటే చాలు, మెనూ తెరుచుకునేది. మనిషికి బొటనవేలు ఉంటుందన్న సమాచారం వాళ్లకు కాస్త ఆలస్యంగా అందినట్టుంది. తరవాత ఫర్మ్‌వేర్ అప్‌డేట్ ఇచ్చారు. బటన్‌ను జరపలేరు కాబట్టి, కాస్త ఎక్కువసేపు నొక్కితేనే పలికేలా మార్చారు. క్విక్ మెనూను నెమ్మదిగా తెరిపించి పుణ్యం కట్టుకున్నారు.

మరుసటి ఏడాది అదే కంపెనీ ఎక్స్100వీ తెచ్చింది. వెనక నాలుగు దిక్కులా ఉండే బటన్లను మొత్తం ఎత్తేసింది. నలుగురు మంత్రులకు ఒక్క రోజులో ఉద్వాసన. బదులుగా తెర మీద వేలితో పైకీ కిందికీ పక్కలకీ రాస్తే నాలుగు పనులు అవుతాయట. కంటికి ఆనించుకుని చూసే కెమెరాకు తెర మీద మొట్టమొదట తగిలేది ముక్కు అన్న సంగతి మళ్లీ మన పరిశోధనకే వదిలారు.

రికో జీఆర్ కథ ఇంకా రసవత్తరం. వీధుల్లో తిరుగుతూ ఫొటోలు తీసేవాళ్లకు ఇది ఇలవేల్పు. 2015 నాటి జీఆర్ 2లో ఎక్స్‌పోజర్ పెంచడానికీ తగ్గించడానికీ బొటనవేలి కింద ప్లస్ మైనస్ బటన్ ఒకటి ఉండేది. పిల్లాడికి ఇచ్చినా అర్థమయ్యేది. 2019లో జీఆర్ 3 వచ్చినప్పుడు ఆధునికత పేరుతో దాన్ని పీకేశారు. ఆ పని ఒక చిన్న లివర్ నెత్తిన పడింది. అభిమానులు ఆరేళ్లు గుండెలు బాదుకున్నారు. 2025లో జీఆర్ 4 వచ్చింది. అందులో విశేషమేమిటయ్యా అంటే, ప్లస్ మైనస్ బటన్! పోగొట్టినవాళ్లే వెతికి తెచ్చి, దొరికిందహో అని దండోరా వేశారు. అభిమానులు హారతులు పట్టారు.

న్యాయంగా చెప్పాలంటే, చేతికి తగ్గట్టు బటన్ మార్చుకోవడంలో తప్పేమీ లేదు. కుడిచేతి వేళ్లలో పట్టు తక్కువైనవాళ్లు ఉంటారు, చలికి తొడుగులు వేసుకుని తీసేవాళ్లు ఉంటారు. ఒకటో రెండో బటన్లు తమ అలవాటుకు తగ్గట్టు తిప్పుకుని, మళ్లీ ఆ మెనూ గడప తొక్కని బుద్ధిమంతులూ ఉన్నారు. 2009లో కానన్ ఎస్90 లెన్సు చుట్టూ ఒక చక్రం పెట్టి, దానితో అపెర్చర్ తిప్పుతారో ఐఎస్‌ఓ తిప్పుతారో మీరే ఎంచుకోండి అంది. మెచ్చుకోవలసిన ఆలోచన. చెయ్యి ఎలాగూ లెన్సు దగ్గరే ఉంటుంది కదా. కాకపోతే వెనక ఉన్న రెండో చక్రానికి టక్కుటక్కుమనే పట్టు ఇవ్వడం మరిచారు, అది కాస్త వేలు తగిలితే చాలు తిరిగిపోయేది. ఏడాది తిరక్కుండా ఎస్95 తెచ్చి పట్టు పెట్టారు. పాత చక్రం కొన్నవాళ్లు కొత్త చక్రం కొనుక్కున్నారు. సరే, అది వ్యాపారం.

నా గొడవ కంపెనీలతో సగమే. మిగతా సగం మన కస్టమైజేషన్ భక్తులతో.

భక్తుడికి ఫొటో ముఖ్యం కాదు, ఫొటోకు సిద్ధంగా ఉండటం ముఖ్యం. సీ1 నుంచి సీ7 దాకా ఏడు కస్టమ్ సెట్టింగులు. సీ1 ఎండకు, సీ2 నీడకు, సీ3 వానకు, సీ4 పిల్లలకు, సీ5 దీపాల వెలుగుకు, సీ6 నలుపు తెలుపుకు. సీ7 ఎందుకు పెట్టాడో తనకే గుర్తులేదు, తీసెయ్యడానికి ధైర్యం చాలదు. ఇంట్లో సహస్ర చంద్ర దర్శనం. పెద్దావిడ పీటల మీద కూర్చుంది.

"మావయ్యా, అమ్మమ్మకి అక్షింతలు వేసేస్తున్నారు, తియ్యవేం?"

"ఉండవే తల్లీ, సీ3లో ఉండిపోయింది. సీ5 కావాలి."

"వేసేశారు మావయ్యా."

"ఇంకోసారి వెయ్యమను."

"పంతులుగారు రెండో ఇంటికి వెళ్లిపోయారు. నేను ఫోన్లో తీశాలే, గ్రూపులో పెట్టేశాను కూడా."

ఆ గ్రూపులో మావయ్యగారు రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టి, మర్నాడు సీ5కు ఒక బటన్ కేటాయించే పనిలో పడతారు.

ఫ్యూజీ భక్తుల్లో ఇంకో శాఖ ఉంది, రెసిపీలవాళ్లు. ఎక్స్100 ఆరో తరం కెమెరాలో 20 ఫిల్మ్ సిమ్యులేషన్లు ఉన్నాయి. వాటి మీద గ్రెయిన్ ఎంత, నీడ ఎంత, ఎరుపు రెండు గీతలు పైకి, నీలం ఐదు గీతలు కిందికి అంటూ కొలతలు కలిపి పాత కొడాక్రోమ్ ఫిల్మ్ రంగు రప్పించాలని తపస్సు. కొడాక్రోమ్ తయారీ 2009లోనే ఆగిపోయింది. అది బతికి ఉన్న రోజుల్లో దాని రంగు కావాలంటే డబ్బా కొని కెమెరాలో పెట్టుకునేవాళ్లు, 36 ఫొటోలు అయ్యేదాకా ఇంకో రంగు గురించి ఆలోచించే వీలుండేది కాదు. ఆ వీలులేనితనమే ఆ ఫొటోలకు ఒక దారి చూపింది. ఇప్పుడు దాన్ని ఇరవై మెనూ మెట్లెక్కి తెచ్చుకుంటున్నారు. తెచ్చుకున్నాక రెండు ఫొటోలు తీసి, బాగా రాలేదని ఇంకో రెసిపీకి మారతారు.

ఇక అసలైన పరీక్ష గోల్కొండ కోట మీద జరుగుతుంది. భార్యాపిల్లలతో కలిసి తానూ ఫొటోలో ఉండాలి. కాబట్టి కెమెరా పరాయి చేతికి ఇవ్వాలి. భక్తుడు అప్పటికే షటర్ బటన్‌కు ఫోకస్ అధికారం తీసేసి వెనక బటన్‌కు బదిలీ చేశాడు. ఇది పక్షుల వెంటా ఆటగాళ్ల వెంటా పరుగెత్తే ఫొటోగ్రాఫర్ల అలవాటు. కదలకుండా నవ్వుతూ నిలబడ్డ కుటుంబాన్ని తియ్యడానికి దీని అవసరమేమిటో తెలియదు. దారిన పోయే కుర్రాణ్ని ఆపుతాడు.

"తమ్ముడూ, ఒక్క ఫొటో తీసిపెడతావా?"

"ఇవ్వండన్నా. ఇది నొక్కాలా?"

"అది నొక్కితే ఫోకస్ కాదు. వెనకాల బొటనవేలితో ఇది నొక్కి పట్టుకో. పట్టుకుని, పైన సగం నొక్కు. సగమే. ఆ పక్కదానికి వేలు తగలనీకు, క్విక్ మెనూ వస్తుంది. తెర ముట్టుకోకు."

కుర్రాడు కెమెరా వంకా ఆయన వంకా మార్చి మార్చి చూస్తాడు. "అన్నా, నా ఫోన్లో తీసి వాట్సాప్ చెయ్యనా?"

అక్కడికి కస్టమైజేషన్ సంపూర్ణం. ఆ కెమెరాను లోకంలో ఇంకెవరూ వాడలేరు. దొంగ ఎత్తుకెళ్లినా రెండో రోజు తెచ్చి ఇచ్చేస్తాడు. ఈ ఒక్క లాభం మాత్రం ఒప్పుకోవాలి.

ఇంత కట్టుదిట్టంగా కూర్చిన మంత్రివర్గం ఎంతకాలం నిలుస్తుంది? ఒక రోజు ఏదో తేడా చేస్తుంది, ఫ్యాక్టరీ రీసెట్ తప్ప దారి ఉండదు. అది రాష్ట్రపతి పాలన. ఒక్క నొక్కుతో శాఖలన్నీ రద్దు. కొత్త మోడల్ కొంటే మళ్లీ సార్వత్రిక ఎన్నికలు. పాత కెమెరాలో దాచుకున్న సెట్టింగుల ఫైలు కొత్తదాంట్లోకి సాధారణంగా ఎక్కదు. మీ ఇష్టాయిష్టాలు మీవే కదా, వాటిని మీ వెంట తీసుకెళ్లే వీలు మాత్రం మీ ఇష్టంలో చేరలేదు.

తమాషా ఏమంటే, జనం మనసు పడ్డ కెమెరాల్లో అసలు ఆకర్షణ మార్చడానికి వీల్లేనిదే. 2011లో మొదటి ఎక్స్100 వచ్చినప్పుడు అందరూ ఎగబడింది దాని డయళ్లకు. షటర్ వేగం అంకెలు లోహం మీద చెక్కి ఉన్నాయి. అపెర్చర్ లెన్సు చుట్టూ రాసి ఉంది. ఎక్స్‌పోజర్‌కు విడిగా ఒక చక్రం. కెమెరా ఆపేసి ఉన్నా, బ్యాటరీ లేకపోయినా, చూస్తే తెలిసిపోతుంది ఏది ఎక్కడుందో. 250 అని రాసి ఉన్న చోట 250 తప్ప ఇంకేదీ దొరకదు. పక్కనే ఉన్న ఎఫ్‌ఎన్ బటన్ మీద మాత్రం రెండక్షరాలు తప్ప సమాచారం లేదు. దాని సంగతి గుర్తుపెట్టుకోవడం మన జ్ఞాపకశక్తి మీద మోపిన పన్ను. నెల రోజులు బీరువాలో పెట్టి తీస్తే ఆ పన్ను వడ్డీతో కట్టాలి.

మన దగ్గర ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో రాజా దీన్ దయాళ్ అనే ఫొటోగ్రాఫర్ ఉండేవాడు, సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపాడు. వైస్రాయ్ కర్జన్ ప్రభువు నెక్కొండ అడవుల్లో పులిని కొట్టి దాని పక్కన నిలబడ్డ ఫొటో ఆయన స్టూడియోదే. ఆ కాలపు పెద్ద కెమెరాలు చాలావాటికి చెప్పుకోదగ్గ బటనే ఉండదు. గాజు పలక పెట్టి, లెన్సు మూత తీసి, మనసులో లెక్కపెట్టి, మూత పెట్టెయ్యడమే. ఇప్పటి సరంజామా ఇచ్చి ఆయన్ను అక్కడ నిలబెట్టండి. "దొరవారూ, ఒక్క నిమిషం ఓపిక పట్టాలి, యానిమల్ డిటెక్షన్ ఎడమ బటన్ నుంచి కుడి బటన్‌కు మార్చుకుంటున్నా" అంటే పులి ఆగేది, ఎలాగూ చచ్చింది కాబట్టి. కర్జన్ ఆగేవాడని నాకు నమ్మకం లేదు.

ఈ రొదంతా భరించలేనివాళ్లకు లైకావారు ఒక వైద్యం కనిపెట్టారు. 2016లో వెనక తెరే లేని డిజిటల్ కెమెరా ఒకటి తెచ్చారు. మెనూ లేదు, క్విక్ మెనూ లేదు, తీసిన ఫొటో చూసుకునే దిక్కు కూడా లేదు. తెర ఉండాల్సిన చోట ఐఎస్‌ఓ తిప్పే చక్రం. ధర మాత్రం అదే తరంలో తెర ఉన్న తమ కెమెరా కంటే ఎక్కువ! అంటే బటన్లు పెట్టినందుకు ఒక రేటు, తీసేసినందుకు అంతకన్నా పెద్ద రేటు. ప్రశ్నలు అడగొద్దని కెమెరాను బతిమాలుకోవడానికి కూడా డబ్బు చెల్లించే స్థితికి వచ్చాం.

జపాన్ కెమెరా తయారీదార్ల సంఘం లెక్కల్లో 2010లో ప్రపంచమంతటా దుకాణాలకు వెళ్లిన కాంపాక్ట్ కెమెరాలు 10 కోట్లకు పైమాటే. 2023కు అవి 20 లక్షలు కూడా లేవు. ఫోన్లు మింగేశాయని కంపెనీలు ఏడుస్తాయి. మింగాయి, నిజమే. సెన్సర్ చిన్నది, లెన్సు చిన్నది, అయినా ఎలా మింగాయి? తెర మీద గుండ్రంగా ఒక తెల్లటి బటన్ పెట్టాయి. దాన్ని నొక్కితే ఫొటో వచ్చింది. తక్కిందంతా ఫోనే చూసుకుంది. ఈస్ట్‌మన్ మాటను కెమెరా కంపెనీలు పారేసిన చోట ఫోన్ కంపెనీలు ఏరుకున్నాయి. దానికి బదులుగా కెమెరా కంపెనీలు ఏం చేశాయయ్యా అంటే, ఎఫ్‌ఎన్2 పక్కన ఎఫ్‌ఎన్3 పెట్టాయి.

అయితే వాళ్లు దిగులుపడనక్కర్లేదు. అంటుజబ్బు అవతలి గట్టుకూ చేరింది. 2023లో యాపిల్ తన ఐఫోన్ 15 ప్రోకు యాక్షన్ బటన్ పెట్టింది, మీకు నచ్చిన పని దానికి మీరే ఇచ్చుకోవచ్చట. 2024లో ఐఫోన్ 16 పక్కన కెమెరా కంట్రోల్ వచ్చింది. గట్టిగా నొక్కితే ఒకటి, మెల్లగా నొక్కితే ఒకటి, మెల్లగా రెండుసార్లు నొక్కితే ఇంకొకటి, వేలితో రాస్తే మరొకటి. గట్టిగా ఏదో మెల్లగా ఏదో తేడా తెలియక జనం తికమకపడతారని ముందే ఊహించారు కాబోలు. ఎంత బలంతో నొక్కితే అది మెల్లగా నొక్కినట్టు లెక్కో నిర్ణయించుకోవడానికి సెట్టింగుల్లో ఒక సెట్టింగు ఉంది.